“కృప అంటే ఏంటి సిస్టర్?”

బుధవారం, రాత్రి పదకొండు దాటింది

ఈ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. లేచాను, బట్టలు ఉతుక్కున్నాను, ఆఫీసుకి వెళ్ళొచ్చాను. సాయంత్రం ప్రార్థన కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో చేసిన మేలు, చెప్పమంటే చెప్పాను. మిషన్ ట్రిప్ నుంచి వచ్చి ఇరవై రోజులవుతోంది. ఆ సాక్ష్యం కోసమే సూట్‌కేసు అడుగున ఉండిపోయిన కాగితాన్ని పొద్దున బయటికి తీశాను. పడుకునే ముందు దాని గురించి రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాలుగు మడతల కాగితం. ఒకవైపు నేను తెలుగులో రాసుకున్న సాక్ష్యం, నీలం ఇంకు, ఒక్క కొట్టివేత కూడా లేదు. వెనకవైపు దాన్నే నాకొచ్చిన ఇంగ్లీషులో రాసుకున్నాను. ఆ ఇంగ్లీషు మీద నిండా పెన్సిల్ గీతలు, ప్రశ్నార్థకాలు. అవి మాకు అనువాదం చేసిన అమ్మాయి పెట్టినవి.

ఏ దేశం, ఏ ఊరు అన్నది రాయను. పేర్లూ ఫొటోలూ ఎక్కడా పెట్టొద్దని అక్కడి పాస్టర్ గారు మొదటి రోజే అడిగారు. నా డైరీలో కూడా ఆ మాట నిలబెట్టుకోవాలని ఉంది.

దేశం దాటడం నాకు అదే మొదటిసారి. ఏడుగురం వెళ్ళాం, పది రోజులు. వెళ్ళే ముందు మూడు నెలలు ఉపవాస ప్రార్థనలు, పాటల ప్రాక్టీసు, సాక్ష్యాలు రాసుకోవడం. విమానం ఎక్కేదాకా ఒకటే టెన్షన్. కానీ దిగాక ఎక్కడ తడబడతానో మాత్రం నేను ఊహించలేదు. తడబడింది నాకు కంఠతా వచ్చిన మాటల దగ్గరే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి నా కాగితం పట్టుకుని నేల మీద నా పక్కన కూర్చుంది. “ముందు నాకు అర్థమైతేనే కదా సిస్టర్, వాళ్ళకి చెప్పగలను” అంది. మొదటి వాక్యం దగ్గరే పెన్సిల్ ఆగింది. ప్రభువు నన్ను చీకటిలో నుంచి తన ఆశ్చర్యకరమైన వెలుగులోకి పిలిచాడని రాసుకున్నాను.

“ఏ చీకటి? మీకేం జరిగింది?”

నాకు మాట రాలేదు. పుట్టింది విశ్వాసుల ఇంట్లో. సండే స్కూల్లో పెరిగాను, పదహారేళ్ళకి బాప్తిస్మం తీసుకున్నాను. ఆ వాక్యం బైబిల్లో పేతురు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరంలోది. మా సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు చాలామంది దానితోనే మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. పేతురు మాట సత్యమే. కానీ నా జీవితంలో అది ఏ రోజు, ఏ గదిలో నిజమైందో నేనెప్పుడూ వెతుక్కోలేదు.

తర్వాత కృప దగ్గర ఆగింది. “కృప అంటే ఏంటి సిస్టర్?” అర్హత లేనివాళ్ళకి దేవుడు ఉచితంగా చూపే దయ అన్నాను. “ఆ నిర్వచనం నాకూ తెలుసు. మా భాషలో దానికి మూడు మాటలున్నాయి. ఏది వాడాలో తెలియాలంటే మీకు ఎలా దొరికిందో చెప్పండి” అంది. ఎగతాళి లేదు, విసుగు లేదు. పెన్సిల్ కాగితం మీద ఆనించి అలాగే ఎదురుచూసింది.

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది. నాన్న పోయాక రెండేళ్ళు నేను ప్రార్థన చెయ్యలేదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, అందరితో పాటు నిలబడేదాన్ని, పెదవులు కదిపేదాన్ని. ఇంటికొచ్చాక దేవుడితో ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు. సంఘంలో ఒక ఆంటీకి అది తెలిసిపోయింది. ఆవిడ నన్నేమీ అడగలేదు. ఆ రెండేళ్ళూ వచ్చి నా పక్కనే కూర్చునేవారు. పాట మొదలవగానే తన పాటల పుస్తకం నా వైపు జరిపి, చదువుతున్న లైను కింద వేలు పెట్టి చూపించేవారు. అంతే.

ఆ అమ్మాయి కాగితం మీద తన భాషలో ఒకే ఒక్క మాట రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. అది ఆ మూడింట్లో ఏదో, నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఒక ఇంట్లో కూడిక. పదకొండు మంది ఉన్నారు. కాగితం తియ్యకుండా నాన్న సంగతీ, ఆ పాటల పుస్తకం సంగతీ చెప్పాను. ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి, అనువాదం అయ్యేదాకా ఊరుకోవాలి. ఇన్నాళ్ళూ నేను గడగడా మాట్లాడుతూ తప్పించుకున్నది ఆ ఊరుకోవడాన్నే అనుకుంటా. అలా ఆగిన ప్రతిసారీ, ఇప్పుడు నేనన్న మాట నిజమేనా అని నాకు నేనే వినాల్సొచ్చింది.

అయిపోయాక గోడ పక్కన కూర్చున్న పెద్దావిడ దగ్గరికి రమ్మని సైగ చేశారు. మా నాన్న పేరేంటని ఆ అమ్మాయి చేత అడిగించారు. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుని, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అరచేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో నా పేరు వినిపించింది. కాసేపటికి నాన్న పేరు, చివరి అక్షరం కాస్త సాగదీసి. ఆ పేరు దేవుడి ముందు పలికి నాకే ఎన్నేళ్ళయిందో. అనువదించమంటారా అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. వద్దని తల ఊపాను.

ఎలా ప్రార్థించాలో మనకి తెలియనప్పుడు మాటల్లో పెట్టలేని మూలుగులతో ఆత్మే మన కోసం విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకి రాశాడు. ఎనిమిదో అధ్యాయం. ఎన్నిసార్లు చదివానో. అది నాకోసం కూడా రాసి ఉందని ఆ గోడ పక్కన కూర్చున్నాకే తెలిసింది. నేను ప్రార్థన మానేసిన ఆ రెండేళ్ళు నా కోసం ప్రార్థన ఆగలేదన్నమాట.

వచ్చాక అపొస్తలుల కార్యాలు మళ్ళీ చదువుతున్నాను. లుస్త్ర అనే ఊళ్ళో పౌలు మాటతో కుంటివాడు లేచి నడవగానే జనం లుకయోనియ భాషలో కేకలు వేస్తారు. దేవతలే మనుషుల రూపంలో దిగొచ్చారనుకుని, పౌలుతో ఉన్న బర్నబాని ద్యుపతి అనీ, పౌలుని హెర్మే అనీ తమ దేవతల పేర్లతో పిలుస్తారు. పూజారి ఎడ్లనీ పూదండలనీ తెచ్చేదాకా వీళ్ళిద్దరూ అడ్డుపడరు. బహుశా ఆ భాష వాళ్ళకి అర్థమై ఉండదు. అంతటి పౌలుకే ఆ ఇబ్బంది వచ్చి ఉంటుందంటే నాకు చాలా ధైర్యంగా ఉంది. అమెరికా మిషనరీ అదోనీరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరితే మొదటి బాప్తిస్మం 1819లో. ఆ భాషలో బైబిల్ అనువాదం ముగించేసరికి 1834 వచ్చింది. ఆయన ఇరవై ఏళ్ళకి పైగా ఒక్కో మాట కోసం వెతికాడు. మేము పది రోజులుండి వచ్చాం. ఆ ఊళ్ళో రోజూ ఉండేది ఆ పాస్టర్ గారూ, ఆ అమ్మాయీ. పరిచర్య వాళ్ళది. అది మర్చిపోకూడదని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈ సాయంత్రం కూడికలో పది నిమిషాలిచ్చారు. నాలుగు నిమిషాల్లో ముగించాను. ఒక అన్నయ్య అడిగారు, “ప్రభువుని నమ్ముకుని ఎంతమంది రక్షణ పొందారమ్మా?” ఆయన మూడు నెలలూ మా కోసం ఉపవాసం ఉన్న మనిషి, ప్రేమతోనే అడిగారు. తెలియదన్నయ్యా అన్నాను. ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది, నాకూ బాధేసింది. ఆ పెద్దావిడ సంగతి చెప్పబోయి గొంతు పట్టేసి కూర్చున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఆంటీ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాట మొదలైంది. ఇప్పుడావిడకి చూపు సరిగా ఆనడం లేదు. పుస్తకం నేను తీశాను, లైను కింద వేలు నేను పెట్టాను.

ఇంటికొచ్చి మోకాళ్ళ మీద ఉన్నాను. “పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమంతా నీ రెక్కల నీడలో” అని అలవాటుగా మొదలుపెట్టి ఆగాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత, “నాన్న గుర్తొస్తున్నారు ప్రభువా” అన్నాను.

ఇంకేం చెప్పలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాను.