ఫాస్ఫొరిలేజ్ దగ్గర పోయిన ఐదు మార్కులు

సైన్స్‌లో రీసెర్చ్ ఫెలోషిప్‌కీ లెక్చరర్ అర్హతకీ రాసే సీఎస్‌ఐఆర్ నెట్ రిజల్ట్ మొన్న రాత్రి వచ్చింది ఫ్రెండ్స్. లైఫ్ సైన్సెస్‌లో మూడో అటెంప్ట్‌కి జేఆర్‌ఎఫ్, అంటే ఆ ఫెలోషిప్, కొట్టాను. అమ్మకు ఫోన్ చేస్తే కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. అప్పట్నుంచి ఏ పుస్తకాలు చదివావు, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నావు అని చాలామంది అడుగుతున్నారు. పుస్తకాలు మీ దగ్గర ఉన్నవే. రెండో అటెంప్ట్ ఎందుకు పోయిందో చెప్తాను, అదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అప్పుడు లెక్చరర్‌షిప్ కటాఫ్‌కు 3 మార్కులు తక్కువయ్యాయి. రెస్పాన్స్ షీట్ తెరిచి కీతో సరిచూసుకుంటుంటే పార్ట్ సీలో గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకునే గ్లూకోజ్ గొలుసు, మీద ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. 75 ప్రశ్నల్లో 25 ఏరుకునేటప్పుడు ‘ఇది మాత్రం గ్యారంటీ’ అనుకుని ముందే చేసిన ప్రశ్న అది. కండరంలో గ్లైకోజెన్ నుంచి ఫాస్ఫొరిలేజ్ అనే ఎంజైమ్ విడదీసిన ఒక గ్లూకోజ్ యూనిట్‌కు, గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్‌లో నికరంగా ఎన్ని ఏటీపీలు (కణం శక్తిని ఖర్చుపెట్టే నాణేలు)? నేను రెండు పెట్టాను. జవాబు మూడు. రావాల్సిన 4 రాలేదు, పైగా 1 కోత. మొత్తం 5 మార్కుల తేడా. నాకు కావాల్సింది మూడే.

గ్లైకాలిసిస్ పది మెట్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పొరపాటు అక్కడ జరగలేదు. ఫాస్ఫొరిలేజ్ అన్న మాట చూసి కైనేజ్ అనుకున్నాను. ఫాస్ఫేట్ తగిలించేవన్నీ ఒకటే అన్నట్టు చదివాను. కైనేజ్ ఫాస్ఫేట్‌ను ఏటీపీ నుంచి తీసుకుంటుంది, గ్లైకాలిసిస్ మొదటి మెట్టైన హెక్సోకైనేజ్ దగ్గర మనకు ఒక ఏటీపీ ఖర్చయ్యేది అందుకే. ఫాస్ఫొరిలేజ్‌కు ఏటీపీతో పనిలేదు. కణంలో ఉన్న అకర్బన ఫాస్ఫేట్‌తోనే గ్లైకోజెన్ బంధాన్ని తెంచుతుంది. చేతికొచ్చేది గ్లూకోజ్-1-ఫాస్ఫేట్. దాన్ని ఫాస్ఫోగ్లూకోమ్యూటేజ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుస్తుంది కాబట్టి హెక్సోకైనేజ్ మెట్టు ఎక్కాల్సిన అవసరమే లేదు. ఒక ఏటీపీ మిగిలింది. ఇక ఫాస్ఫటేజ్ అయితే నీటిని వాడి ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది.

‘ఫాస్ఫొరిలేజ్ కైనేజ్’ దగ్గర తడబడని వాళ్లు తక్కువ. తొందరపడకుండా విడదీసి చదవండి. అది ఫాస్ఫొరిలేజ్‌కే ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్. అలా తగిలితే ఫాస్ఫొరిలేజ్ చురుకవుతుంది. ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ తెచ్చిపెట్టిన పని ఇదే.

ఆ వారమే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఒకేలా వినిపించే రెండేసి మాటలకు ఒక్కో పేజీ. డెఫినిషన్ రాయకూడదని పెట్టుకున్నాను. ఏం లోపలికి పోతోంది, ఏం బయటికొస్తోంది, శక్తి ఎక్కడిది అని మాత్రమే రాశాను. సింథేజ్, సింథటేజ్ పేజీ బాగా ఉపయోగపడింది. సిట్రేట్ సింథేజ్‌కు ఏటీపీ అక్కర్లేదు, గ్లుటమిన్ సింథటేజ్‌కు కావాలి. ఏటీపీ వాడనిది సింథేజ్, వాడేది సింథటేజ్ అన్నది పాత నియమం. ఇప్పుడు ఏ సంశ్లేషణ ఎంజైమ్‌నైనా సింథేజ్ అనొచ్చు, సింథటేజ్ అంటే మాత్రం లైగేజే, అంటే ఏటీపీ లాంటి దాని శక్తితో రెండు అణువులను అతికించేది. క్రెబ్స్ చక్రంలో సక్సినైల్ కోఏ సింథటేజ్ జీటీపీనో ఏటీపీనో తయారుచేస్తుంటే నాకు అయోమయంగా ఉండేది. ఆ పేరు వెనక్కి నడిచే చర్యను బట్టి పెట్టిందని తెలిశాక మళ్లీ ఎప్పుడూ తప్పు పోలేదు.

అయినా ఈ పద్ధతి మీద నాకు నిజంగా నమ్మకం కుదిరింది సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు. నాన్న షుగర్ రిపోర్ట్ తెచ్చి చేతిలో పెట్టారు. ‘గ్లైకోసిలేటెడ్ హిమోగ్లోబిన్ 8.2’ అని ఉంది. “పది రోజుల నుంచి స్వీటు ముట్టలేదమ్మా, ఎందుకు తగ్గలేదు?” అన్నారు. జవాబు చెప్పబోయి ఆ పేరు దగ్గరే ఆగాను. గ్లైకోసిలేషన్ అంటే ఎంజైమ్ చక్కెరను తగిలించే పని, కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, గాల్జీ అనే భాగాల్లో పద్ధతిగా జరిగేది. పరిణతి చెందిన ఎర్ర రక్తకణంలో ఆ రెండూ ఉండవు. ఇక్కడ జరిగింది గ్లైకేషన్. రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ ఏ ఎంజైమూ లేకుండా తనంతట తానే హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. అమడోరి మార్పు, అంటే లోపలి బంధాలు సర్దుకోవడం, జరిగాక ఇక ఊడిరాదు. ఆ కణం బతికేది దాదాపు 120 రోజులు. “నాన్నా, ఇది రెండు మూడు నెలల లెక్క, పది రోజులకు కదలదు” అన్నాను. ఆయన తలూపి, కళ్లద్దాలు తీసి రిపోర్ట్ మడిచి జేబులో పెట్టుకున్నారు. పాత పేరు ఇంకా రిపోర్టుల్లో అచ్చవుతూనే ఉంది, మీ ఇంట్లో ఉంటే ఒకసారి చూడండి.

ఎపిమర్, అనోమర్, అపోఎంజైమ్ (సహకారకం లేని ఎంజైమ్), హోలోఎంజైమ్ (సహకారకంతో కలిసిన ఎంజైమ్) లాంటివి ఒక్క పూటలో అయిపోతాయి. ఎపిమర్లైన గ్లూకోజ్, గెలాక్టోజ్‌లకు నాలుగో కార్బన్ దగ్గర తేడా, అనోమర్లైన ఆల్ఫా బీటా గ్లూకోజ్‌లకు ఒకటో కార్బన్ దగ్గర తేడా, అంతే.

నేను కోచింగ్ మధ్యలో మానేసినప్పుడు పొగరు అన్నవాళ్లున్నారు. పొగరు కాదు. అక్కడ రోజుకో చాప్టర్ పరిగెత్తేది, నాకు ఒక్క మాట దగ్గర గంట కూర్చోవాల్సిన అవసరం ఉండేది. ఆ గంట కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. జ్వరం వచ్చిన రోజు కూడా నేను రెండు పేజీలు రాశాను, రాయకపోతే నిద్ర పట్టేది కాదు.

నోట్‌బుక్ ఎవరికి కావాలన్నా జిరాక్స్ ఇస్తాను. ముందు కేఎమ్ (ఎంజైమ్ సగం గరిష్ఠ వేగానికి చేరే సబ్‌స్ట్రేట్ గాఢత), కేడీ (సబ్‌స్ట్రేట్ ఎంత సులువుగా ఊడిపోతుందో చెప్పే సంఖ్య) పేజీ తీయండి, నాలుగుసార్లు కొట్టేసి రాసింది అదే. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ పట్టుకునే పదార్థం, ఉత్పన్నంగా మారే వేగం కన్నా అది ఎంజైమ్ నుంచి ఊడిపోయే వేగం బాగా ఎక్కువున్నప్పుడే కేఎమ్‌ను కేడీగా తీసుకోవాలి. ఆ షరతు కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంటుంది.