పొద్దున్నే ఒళ్ళునొప్పులు, పరుపు వేట, పడుకునే తీరు

రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉండేదాన్ని, పొద్దున లేచేసరికి మాత్రం ఒళ్ళంతా ఎవరో చితక్కొట్టినట్టు ఉండేది. నడుం పట్టేసేది, కుడి భుజం లాగేది, మెడ ఒక పక్కకి తిరిగేది కాదు. వాష్‌బేసిన్ దగ్గర వంగి మొహం కడుక్కోవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. కాఫీ తాగి, పిల్లల బాక్సులు సర్దేసరికి సగం తగ్గిపోయేది, స్కూలుకి వెళ్ళాక అసలు గుర్తే ఉండేది కాదు. అందుకే ఎవరికి చెప్పినా "నలభై దాటాయి కదా, మామూలే" అనేవాళ్ళు.

ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, లేచాక ఎంతసేపు ఒళ్ళు బిగుసుకుని ఉంటోంది అని. అరగంట, గంట దాటి అలాగే ఉన్నా, కీళ్ళు వాచినా, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేస్తున్నా అది కీళ్ళవాతం జాతి జబ్బేమో చూడాలట, పరుపులు మారుస్తూ కూర్చోకూడదట. నాది అంతసేపు ఉండదు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, డి విటమిన్ మాత్రం బాగా తక్కువ వచ్చింది. వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల మాత్రలు రాశారు. ఆ కోర్సు అయ్యాక సాయంత్రం కాళ్ళు పీకడం తగ్గింది గానీ పొద్దుటి నడుంనొప్పి కదల్లేదు.

అనుమానం పరుపు మీదకి పోయింది కాకినాడలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు. కళ్యాణమండపంలో అద్దెకిచ్చే పల్చటి పరుపులు తెలుసుగా, పక్కన ఎవరి పిల్లలో తన్నుతూ, తలమీద ట్యూబులైటు వెలుగుతూ. అలాంటి చోట పడుకుని పొద్దున లేస్తే నడుం హాయిగా ఉంది! ఇంట్లో పెద్ద మంచం మీద రాని సుఖం అక్కడ ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఇంటికి రాగానే దుప్పట్లు తీసేసి బట్టలారేసే తాడు మా కొబ్బరిపీచు పరుపు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి బిగించి పట్టుకుని చూశాం. నేను పడుకునే చోట తాడుకీ పరుపుకీ మధ్య మూడు వేళ్ళు దూరాయి. పైనుంచి చూస్తే గుంట కనపడదు, దుప్పటి కప్పేస్తుంది. మీ పరుపు బాగుందో లేదో తెలియాలంటే ముందు ఈ తాడు పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. అలాగే మంచం చెక్క కూడా చూడండి, అడుగున ప్లైవుడ్ వంగిపోతే పైన ఎంత ఖరీదైన పరుపు వేసినా అదీ వంగుతుంది.

ఇక సలహాలు. మావయ్యగారు "నేలమీద చాప వేసుకుని పడుకోమ్మా, మేమంతా అలాగే పెరిగాం" అన్నారు. అమ్మేమో బూరుగుదూది పరుపు కుట్టిస్తానంది. చాప మీద కొన్నాళ్ళు పడుకున్నాను. నడుం కాస్త నయమే, కానీ నేను పక్కకి తిరిగి పడుకునేదాన్ని, భుజమూ తుంటీ నేలకి ఒత్తుకుని తిమ్మిరెక్కేవి. నడుంనొప్పికి ఎంత గట్టి పరుపైతే అంత మంచిదని మనవాళ్ళలో బాగా నాటుకుపోయింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. దీర్ఘకాలం నడుంనొప్పి ఉన్న 300 మందికి పైగా మనుషుల్లో కొందరికి గట్టి పరుపులు, మిగిలినవాళ్ళకి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు చూస్తే మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. నా భుజం చెప్పిందీ అదే.

రాజమండ్రిలో పరుపుల షాపులన్నీ తిరిగాం. ప్రతి దానిమీదా 'ఆర్థో' అని రాసి ఉంటుంది, ఆ ముక్కని నమ్మి కొనకండి, అది అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు. సేల్స్ కుర్రాడు 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెబుతుంటే అంకె పెరిగితే గట్టిదనుకున్నాం. కాదు, డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోల ఫోమ్ ఉందని, అది ఎన్నాళ్ళు గుంటపడకుండా నిలుస్తుందో చెబుతుంది, మెత్తనో గట్టో వేరే సంగతి. ఫోమ్ ముక్కలు నొక్కి అతికించిన రీబాండెడ్ బాగా గట్టిగా ఉంటుంది. ఒంటి ఆకారానికి తగ్గట్టు నొక్కుకుపోయే మెమరీ ఫోమ్ అయితే షాపు ఏసీలో ఒకలా, మే నెలలో కరెంటు పోయిన మన ఇంట్లో ఇంకోలా ఉంటుంది, వేడికి మెత్తబడడమే దాని గుణం, పైగా ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. గోదావరి ఉక్కలో నాకొద్దు బాబూ అన్నాను.

చెప్పులు విప్పి, మొహమాటం లేకుండా, ఇంట్లో ఎలా పడుకుంటానో అలాగే పావుగంట పడుకుని చూశాను. సేల్స్ కుర్రాడు సిగ్గుపడి అటు తిరిగాడు, పడనీ. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఇటునుంచి అటు ఈజీగా దూరిపోతే మరీ గట్టి, అసలు దూరకపోతే మరీ మెత్తన, కాస్త బిగువుగా దూరితే సరి. చివరికి కింద 4 అంగుళాల రీబాండెడ్, పైన 2 అంగుళాల లేటెక్స్, అంటే రబ్బరు ఫోమ్, ఉన్నది తీసుకున్నాను. మా ఆయన నాకన్నా పాతిక కిలోలు ఎక్కువ, ఆయనకి అది మెత్తగా ఉందట. ఒకే పరుపు కొంటే ఎవరో ఒకరికి నొప్పి తప్పదు కాబట్టి 78 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పువి రెండు విడివిడిగా కొన్నాం. కింగ్ సైజు మంచం 78, 72 కదా, రెండూ పక్కపక్కన సరిగ్గా పట్టాయి. ఆన్‌లైన్‌లో 100 రాత్రుల ట్రయల్ ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి, కొనేముందు వాపసు షరతులు చదువుకోండి.

పరుపు మారితే నడుం సగం పైగా తేలికైంది, మెడ మాత్రం మొండికేసింది. ఫిజియోథెరపిస్ట్ చూసి పరుపు కాదమ్మా, దిండు అన్నారు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి దిండు ఎత్తు మెడకీ భుజం చివరకీ మధ్య ఉన్న ఖాళీ నిండేంత ఉండాలి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి అంతకన్నా తక్కువ చాలు. నేను వాడే దూది దిండు అణిగిపోయి అట్టలా ఉంది. మోకాళ్ళ మధ్య ఇంకో దిండు పెట్టుకోమన్నారు, అప్పుడు పై కాలు ముందుకి జారి నడుంని మెలితిప్పదు. వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద. బోర్లా పడుకోవడం మానెయ్యమన్నారు, రాత్రంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది కాబట్టి. మొదట్లో ఆ మోకాళ్ళ దిండు తెల్లారేసరికి కింద దొర్లుతుండేది, పొడుగు దిండు తెచ్చుకుని కావలించుకుని పడుకోవడం మొదలెట్టాక నిలిచింది, పై చెయ్యికి ఆసరా దొరికి భుజం లాగడమూ పోయింది.

లేచే పద్ధతి కూడా మార్చారు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయట, అందుకే పొద్దున్నే వంగడం కష్టం. ఉన్నపళాన లేవకుండా పక్కకి దొర్లి, కాళ్ళు కిందకి వేసి, చేతులతో నొక్కి లేవాలి. లేచిన గంటలోపు కింద కూర్చుని ముగ్గు వెయ్యడం, బకెట్లు ఎత్తడం లాంటివి వద్దన్నారు. ముగ్గు డ్యూటీ మా పెద్దమ్మాయికి పడింది, అది ఇప్పటికీ సణుగుతూనే ఉంది.

రెండు పరుపుల మధ్య సందు మాత్రం చికాకే, మా ఆయన ఫోన్ రోజూ అందులోకే జారుతుంది. పాత దుప్పటి మడిచి కూరి, పైన పెద్ద దుప్పటి ఒకటే పరుస్తున్నాం. మూణ్ణెల్లకోసారి తలవైపు కాళ్ళవైపుకి తిప్పి వేయమన్నారు షాపువాళ్ళు, ఆ పని ఆయనకి అప్పజెప్పాను.