అనంతగిరి నుంచి చింతచెట్టు దాకా

పాదాల వాపు తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. కుడి బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది. ఇప్పుడైనా రాయకపోతే ఆ రాత్రి చెదిరిపోతుందని కూర్చున్నాను.

మూసీ పుట్టినచోటు నుంచి హైదరాబాద్ నడిబొడ్డు దాకా, వీలైనంత మేర మట్టిదారుల్లో, 24 గంటల్లోపు పరుగెత్తాలన్నది నా మూడేళ్ల కోరిక. ట్రైల్ రన్నింగ్ చేసే మిత్రులు హిమాలయాలకో పడమటి కనుమలకో వెళ్తారు. నాకు ఈ ఏరే కావాలనిపించింది. అఫ్జల్‌గంజ్ దగ్గర పెరిగినవాణ్ని. ముక్కు మూసుకుని వంతెన దాటడం తప్ప మూసీతో నాకు వేరే పరిచయం లేదు. అది మనసులో ముల్లులా ఉండేది.

డిసెంబరులో ఒక శనివారం ఉదయం 6 గంటలకు అనంతగిరి పద్మనాభస్వామికి దండం పెట్టుకుని అడవిలోకి దిగాను. రాళ్ల సందున వేలెడంత ధార. దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాను. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది.

ఏటి గట్టునే దారి ఉండదు. బండ్లబాటలు, పొలం గట్లు, మళ్లీ రోడ్డు. నేను గీసుకున్న దారి మెలికలన్నీ కలిపి 96 కిలోమీటర్లు. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ దొరికింది. రోడ్డు విస్తరణకు బలికాకుండా ఎందరో పోరాడిన చెట్లవి. మధ్యాహ్నం ఆ నీడలో పరుగెత్తినవాడికి ఆ పోరాటం విలువ తెలుస్తుంది.

మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఆ దూరం దాటాక నాకు కాళ్లకంటే ముందు కడుపు ఎదురుతిరిగింది. రక్తం కండరాలకే పోతుంటే తిన్నది అరగదు. చెమటలో ఉప్పు పోతున్నప్పుడు వట్టి నీళ్లే అతిగా తాగితే ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. టమాటా తోటలో కోత కోస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "ఎవరు తరుముతున్నారు బిడ్డా?" అంది.

"ఎవరూ లేరమ్మా. ఏటి వెంట పట్నం పోతున్నాను."

రెండు టమాటాలు కొంగుతో తుడిచి, తన సద్దిమూటలోని ఉప్పు చిటికెడు అద్ది ఇచ్చింది. రోజంతటిలో కడుపు వద్దనకుండా తీసుకున్నది అదొక్కటే.

చిలుకూరు చేరేసరికి చీకటి పడింది. గండిపేట దగ్గర, 74వ కిలోమీటరులో, నా పని అయిపోయిందనుకున్నాను. దారి పక్క బండరాళ్లు పడుకున్న కుక్కల్లా కదిలాయి. మోటారు సైకిల్ మీద వెంట వస్తున్న తమ్ముడు నా భుజం పట్టుకుని, "కూర్చోకు అన్నా, కూర్చుంటే లేవలేవు" అన్నాడు. వేళ్లు వాచి చెంచా పట్టడం లేదు. వాడే పెరుగన్నం ముద్దలు చేసి, మీద కాస్త ఆవకాయ అంటించి, నిలబెట్టే తినిపించాడు. చిన్నప్పుడు వాడికి నేను తినిపించేవాణ్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్కడినుంచి ఎక్కువగా నడకే. లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీ ఏరు వచ్చి మూసీలో కలుస్తుంది. పొద్దున ముఖం కడుక్కున్న నీళ్లు ఈ మురుగు పాలయ్యాయంటే మనసు ఒప్పుకోలేదు. వాసన ఎక్కడ మొదలైందో నా పాదాలకు తెలుసు. ఈ ఏరు పుట్టుకతో మురికిది కాదని ఇకమీదట ఎవరితోనైనా వాదించగలను.

1578 నాటి పురానాపూల్ వంతెన దాటి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరకు చేరేసరికి 5 గంటల 10 నిమిషాలు. 1908 సెప్టెంబరు 28న వరద ఊరిని ముంచెత్తినప్పుడు ఈ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య ప్రణాళికతో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇదే చెట్టు దగ్గర ఆగాలని ముందే అనుకున్నాను. బెరడు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను.

పక్కన చాప మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒకావిడ నా కుంటినడక చూసినట్టుంది.

"ఎవరిని చేర్పించారయ్యా?" అని అడిగింది.

ఎవరినీ లేదన్నాను. నమ్మలేదేమో, చాపలో సగం నాకు వదిలి పక్కకు జరిగింది. ఇరవైమూడు గంటల తర్వాత కూర్చున్నాను.