ఆదివారం మధ్యాహ్నం, ఆదికాండం నాలుగో అధ్యాయం

ఆదివారం. ఆరాధన ముగిసి భోజనాలు అయ్యాక, ఇవాళ కూడా అదే ప్రశ్న వచ్చింది. "అంకుల్, మంచి చెడ్డలు తెలియని ఆదాముకి ఆ పండు తినడం చెడ్డ పని అని ఎలా తెలుస్తుంది? తెలియనివాడికి శిక్షేమిటి?" అని ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అడిగాడు. సంఘ పెద్ద జవాబు కూడా పాతదే: "తినొద్దని దేవుడు చెప్పాడు కదా నాన్నా, తెలియకపోవడం ఏముంది?" పది నిమిషాలు గడిచేసరికి మాటలు క్రూసేడు యుద్ధాల మీదికి, స్టాలిన్ మీదికి వెళ్లిపోయాయి. కుర్రాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు రావాలి. "చెప్పాడు కదా" అన్నది సగం జవాబే. ఆజ్ఞ వినడం వేరు, ఆజ్ఞ మీరడం తప్పని తెలియడం వేరు. రెండేళ్ల పిల్లకి "పొయ్యి ముట్టుకోకు" అన్న మాట అర్థమవుతుంది, ఎందుకు వినాలో అర్థం కాదు. అయితే హవ్వను రెండేళ్ల పిల్లగా చూడటం కూడా కుదరదు. ఆదికాండం 3:3లో ఆమె ఆజ్ఞను తన నోటితో తిరిగి చెబుతుంది, పైగా "ముట్టకూడదు" అని ఒక మాట కలుపుతుంది. దేవుడు ఆజ్ఞ ఇచ్చిన 2:17లో ఆ మాట లేదు. పండు తిండికి మంచిదా, చూపుకి అందమా అని బేరీజు వేసుకుంటుంది. కాబట్టి ఇద్దరూ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇక్కడ "మంచి చెడ్డల తెలివి" అంటే ఏమిటి?

దానికి బైబిల్లోనే రెండు దారులున్నాయి. మనం "చిన్నా పెద్దా వచ్చారు" అంటే అందరూ వచ్చారని అర్థం. హీబ్రూలోనూ అలా రెండు కొసలు పట్టుకుని మొత్తాన్ని చెప్పే అలవాటుంది. 2 సమూయేలు 14లో తెకోవ ఊరి స్త్రీ దావీదుతో, దేవుని దూతలా మీకు మంచి చెడ్డలు తెలుసు అని 17వ వచనంలో అంటుంది. మూడు వచనాలు దాటాక, దేవుని దూతలా లోకంలో ఉన్నదంతా మీకు తెలుసు అంటుంది. ఈ దారిలో వెళితే ఆ చెట్టు ఇచ్చేది తప్పొప్పుల మొదటి పాఠం కాదు. ఏది మంచో ఏది చెడ్డో నేనే తేలుస్తాను అనే అధికారం. విశ్వాసికి ఇది బలమైన జవాబు, "చెప్పాడు కదా" కన్నా ఎంతో బలమైనది.

రెండో దారి ప్రశ్న అడిగేవాడిది, కానీ అతను దాన్ని వాడుకోగా నేను చూడలేదు. ద్వితీయోపదేశకాండం 1:39లో "మంచి చెడ్డలు ఎరుగని" అన్న మాట పిల్లల గురించి వస్తుంది. అక్కడ పెద్దవాళ్లకు శిక్ష పడుతుంది, పిల్లలకు పడదు, వాళ్లే ఆ దేశంలో అడుగుపెడతారు. తెలియనివాడిని శిక్షించకూడదన్న న్యాయం నాస్తికుడు బయటినుంచి తెచ్చింది కాదు, ఆ గ్రంథంలోదే. రెండో శతాబ్దంలో లియోన్స్ బిషప్పుగా ఉన్న ఐరేనియస్ కూడా ఆదాము హవ్వలు ఇంకా ఎదగని పిల్లల్లాంటివారనే రాశాడు. ఈ ప్రశ్న అడిగినవాణ్ణి విశ్వాస ద్రోహిగా చూసేవాళ్లు ఐరేనియస్‌ను ఒకసారి తలుచుకోవాలి.

ఇంకో సంగతి. మూడో అధ్యాయం మొత్తం వెతికినా "పాపము" అన్న మాట లేదు. అది మొదటిసారి 4:7లో, ఆదాము కొడుకు కయీనుతో దేవుడు చెప్పిన మాటలో వస్తుంది: "వాకిట పాపము పొంచియుండును." గుమ్మం దగ్గర ముడుచుకుని కూర్చున్న జంతువులా.

నిజానికి వాదం మొదలవ్వాల్సింది అక్కడే అనిపిస్తుంది. "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞ వచ్చేది నిర్గమకాండం 20లో. కయీనుకి ముందుగా ఎవరూ ఆ మాట చెప్పినట్టు ఆదికాండంలో లేదు. అయినా తమ్ముణ్ణి చంపాక తెలియనివాడిలా మాట్లాడడు. తమ్ముడెక్కడ అంటే తెలియదని అబద్ధమాడి, నేను వాడికి కాపలావాడినా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. దాచిపెట్టాడంటే తప్పని తెలుసనే. ఆజ్ఞ లేదు, తెలివి ఉంది. ఎక్కడినుంచి వచ్చింది? విశ్వాసి రోమా 2:15 తీస్తాడు: ధర్మశాస్త్రం లేనివాళ్ల హృదయాల మీద రాసి ఉన్నది, మనస్సాక్షి. హేతువాది ఒక గూటిలో కలిసి బతికే జీవులకు ఏర్పడిన బంధం అంటాడు. ఇక్కడైతే ఇద్దరూ ఒకే సంగతికి కారణం చెబుతున్నారు, అందుకే మాట ముందుకు సాగుతుంది.

మన భాషలో మరో చిక్కుంది. "అయ్యో పాపం, ఎండనపడి వచ్చాడు" అంటే జాలి. "పాపం తగులుతుంది", "పాపం పండింది" అంటే చేసిన పని, చిత్రగుప్తుడి లెక్కలో పడేది, పుణ్యంతో పూడేది. సంఘంలో "అందరం పాపులమే" అన్నప్పుడు అది లెక్క కాదు, స్థితి. హీబ్రూ, గ్రీకుల్లో ఈ మాటకు మూలార్థం గురి తప్పడం. న్యాయాధిపతులు 20:16లో తలవెంట్రుక మీదికైనా వడిసెల రాయి తప్పకుండా విసరగల 700 మంది ఎడమచేతివాళ్ల గురించి ఉంది. అక్కడ "తప్పడం" అన్న క్రియే మరోచోట పాపం చేయడం. కుర్రాడు "నేనేం పాపం చేశాను?" అని లెక్క అడుగుతాడు, పెద్దాయన స్థితి గురించి చెబుతాడు. ఒక్క మాటతో రెండు సంభాషణలు జరుగుతాయి, ఎదుటివాడు తప్పించుకుంటున్నాడని ఇద్దరికీ అనిపిస్తుంది.

జన్మపాపం, అంటే ఆదాము పాపం పుట్టుకతోనే మనకూ వస్తుందన్న బోధ దగ్గర, ఇది మరీ ముదురుతుంది. రోమా 5:12ను పాత లాటిన్ అనువాదం "అతనిలో అందరూ పాపం చేశారు" అని చదివించింది. పాశ్చాత్య సంఘపు వేదాంతి ఆగస్టీన్, దోషం కూడా వారసత్వమే అనడానికి అది పెద్ద ఆధారమైంది. మన తెలుగు బైబిల్లో "మనుష్యులందరు పాపము చేసినందున" అని ఉంది, గ్రీకుకు దగ్గరగా. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మరణం, బలహీనత వారసత్వమంటాయి, దోషం కాదంటాయి. యెహెజ్కేలు 18:20 తండ్రి దోషాన్ని కొడుకు మోయడని చెబుతుంది. కాబట్టి "తాత చేసిన తప్పుకి మనవడికి శిక్షా?" అని అడిగితే, ముందు ఏ సంఘపు బోధనో అడగాలి.

కోస్తాంధ్రలో ఇది పుస్తకాల్లో మాటే కాదు. 1871లో మొదలై 1911లో మద్రాసు రాజధానికి వచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులంది. దానికింద ఎరుకలవారి కోసం స్టువర్టుపురం వెలిసింది, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు. 1970లలో అక్కడి కుటుంబాల కోసం పనిచేసినవాళ్లలో గోరా స్థాపించిన నాస్తిక కేంద్రానికి చెందిన హేమలతా లవణం ఉన్నారు, కవి జాషువా కూతురు. పుట్టుకతో దోషం అన్న మాట ఆ ఊళ్లో ఎంత బరువుగా వినబడుతుందో తెలిసినవాళ్లు దాన్ని తేలిగ్గా వాడరు.

ఎలా తెలుసు, ఎందుకు మంచి అన్న రెండు ప్రశ్నలు కలిసిపోవడం మరో తప్పు. 1948 జనవరిలో బీబీసీ రేడియోలో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్, జెసూయిట్ సభకు చెందిన కాథలిక్ గురువు ఫాదర్ కాపుల్‌స్టన్ వాదించుకున్నప్పుడు ఇదే జరిగింది. పసుపు, నీలం తేడా తెలిసినట్టే మంచి చెడ్డలు తెలుస్తాయని రస్సెల్ అన్నాడు. రంగుల్ని కళ్లతో చూస్తాం, మరి వీటిని దేనితో అని ఫాదర్ అడిగితే, భావాలతో అన్నాడు. అయితే నాజీల బెల్సెన్ శిబిరం అధికారికి తాను చేసింది మంచిదే అనిపిస్తే? కామెర్లవాడికి అన్నీ పసుపే, రుజువు చేయలేను గానీ ఎక్కువమంది నాతో ఒప్పుకుంటారు అన్నంత వరకే రస్సెల్ రాగలిగాడు. అక్కడ అతని వాదం పలచబడింది. విశ్వాసికీ అలాంటి చోటుంది. దేవుడు చెప్పాడు గనుక మంచి అంటే, ఆదికాండం 18:25లో అబ్రాహాము అదే దేవుణ్ణి సర్వలోకానికి తీర్పరి న్యాయం చేయడా అని నిలదీశాడు. అతని చేతిలో ఉన్న కొలబద్ద ఏమిటి? దేవుని స్వభావమే మంచి అంటే, అది మంచిదని దేనితో గుర్తుపట్టాడు?

వచ్చే ఆదివారం ఒకే వచనం పెట్టుకోవాలి, 4:7. ఇద్దరి చేతుల్లోనూ బైబిలు తెరిచి ఉండాలి. జవాబు చెప్పేముందు ఎదుటివాడి ప్రశ్నను తన మాటల్లో ఒకసారి చెప్పాలి, అతను "అవును, నేనడిగింది అదే" అనేదాకా. పాపం అంటే పనా, స్థితా అన్నది మొదటి ఐదు నిమిషాల్లోనే కాగితం మీద రాసుకోవాలి. క్రూసేడ్లు, స్టాలిన్ ఆ రోజుకి వద్దు. కుర్రాడికి ద్వితీయోపదేశకాండం 1:39, పెద్దాయనకి 2 సమూయేలు 14 ఈ రాత్రే ఫోన్లో పంపాలి, చదువుకుని వస్తారు.