గుంటుపల్లి, ఉండవల్లి, కొండపల్లి: భీమవరం నుంచి ఒక్క రోజు కారు ప్రయాణం

మా భీమవరం వైపు ఎత్తు అంటే కాలవ గట్టు, మహా అయితే రైల్వే ఓవర్ బ్రిడ్జి. చదును నేలకి అలవాటుపడ్డ కాళ్లతో ఒకే రోజు రెండు చోట్ల గుహలూ, ఒక కొండ మీది కోటా చూసి రాత్రికి ఇంటికి చేరాలంటే ఓపిక కన్నా ముందు వరస కుదరాలి. డిసెంబరు మొదటి వారంలో ఒక బుధవారం ఆరుగురం వెళ్లొచ్చాం. మొదట అందరూ విజయవాడ నుంచి మొదలుపెడదామన్నారు. అది తప్పు వరస. గుంటుపల్లిలో నీడ తక్కువ, పొద్దుటే చూసెయ్యాలి. ఉండవల్లిలో చూసేదంతా రాతి కప్పు కింద ఉంటుంది, మిట్టమధ్యాహ్నమైనా ఇబ్బంది లేదు. కొండపల్లి కోట బయలు, దానికి సాయంత్రపు ఎండే మేలు. ఈ లెక్కన గుంటుపల్లి, ఉండవల్లి, కొండపల్లి అనే వరస ఖాయం చేసుకున్నాం.

ముందు కారు సంగతి. ఏడు సీట్ల బండి, పసుపు నంబరు ప్లేటుది మాట్లాడుకోండి. తెల్ల ప్లేటు బండి రెండు రూపాయలు తక్కువకి వస్తుంది కానీ దారిలో ఆపితే అద్దె బండి కాదని అబద్ధం ఆడాల్సింది మీరే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇరుక్కునేదీ మీరే. మేం మాట్లాడుకున్నది కిలోమీటరుకి 16 రూపాయలు, డ్రైవర్ బత్తా 500, టోల్ విడిగా. రోజుకి కనీసం 300 కిలోమీటర్ల డబ్బు తీసుకుంటారు, అంతకన్నా తక్కువ తిరిగినా అంతే. మనకి ఎలాగూ దాటుతుంది. గొడవలు వచ్చేది రేటు దగ్గర కాదు, మాట్లాడుకోని మూడు విషయాల దగ్గర. మీటరు మన గుమ్మం నుంచా, వాళ్ల షెడ్డు నుంచా? రాత్రి పది దాటితే బత్తా పెరుగుతుందా? కొండపల్లి ఘాట్ రోడ్డు మీద పైదాకా ఎక్కిస్తారా, కింద దింపేస్తారా? ఈ మూడోది మేం అడగలేదు. ‘కోట దాకా’ అంటే డ్రైవరు కొండ కింద ఊరనుకున్నాడు, మేం కోట గుమ్మం అనుకున్నాం. చివరికి ఎక్కించాడనుకోండి, కానీ ఆ పది నిమిషాల వాదన తప్పించుకోవచ్చు. బయల్దేరేటప్పుడు మీటరు రీడింగు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

రెండో జాగ్రత్త మ్యాపులో. గుంటుపల్లి పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి విజయవాడ పక్కన, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉన్నది. మనకి కావాల్సింది ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోది. ఫోన్‌లో ఉత్త ‘గుంటుపల్లి’ అని కొడితే తప్పుదారి పట్టే వీలుంది. ‘జీలకర్రగూడెం’ అని కొట్టండి, గుహలు ఆ ఊరి పక్కనే. వ్యాగన్ల గుంటుపల్లి కూడా సాయంత్రం కొండపల్లికి వెళ్లే దారిలో తగులుతుంది, తమాషా ఏమిటంటే అప్పుడు అందరూ కిటికీలోంచి చూస్తారు.

పొద్దున 5.45కి బయల్దేరాం. గణపవరం, నారాయణపురం మీదుగా భీమడోలు, అక్కడ రైలు పట్టాలు దాటి ద్వారకా తిరుమల, ఆ పైన కామవరపుకోట. అన్నీ కలిపి 80 కిలోమీటర్ల పైచిలుకు. దూరం చిన్నదే కానీ డిసెంబరులో ఏడు దాకా మంచు విడవదు, కాలవ పక్క రోడ్డులో 40 దాటి పోనివ్వకూడదు. భీమడోలు దగ్గర మాకు గేటు పడింది. అది ప్రధాన రైలు మార్గం, ఒక రైలు వెళ్లాక గేటు తీస్తారనుకుంటే రెండోది వస్తుంది. ఇరవై నిమిషాలు లెక్కలో వేసుకోండి.

టిఫిను చిన్న తిరుపతిలో, అంటే ద్వారకా తిరుమలలోనే. యాత్రికుల ఊరు కాబట్టి పెందరాళే పొయ్యి వెలుగుతుంది. ఇక్కడే ఎవరో ఒకరు ‘ఇంతదాకా వచ్చి స్వామి దర్శనం చేసుకోకుండానా’ అంటారు. భక్తి మీద నాకు పేచీ లేదు, టైము మీదే. శనివారమైనా, పెళ్లి ముహూర్తాలున్న రోజైనా రెండు గంటలు పోతుంది, దాంతో సాయంత్రం కోట పోతుంది. దర్శనం కావాలనుకుంటే కొండపల్లి మానుకుని, మధ్యాహ్నం ఉండవల్లి చూసి తిరిగిరండి.

ద్వారకా తిరుమల దాటితే నేల మారుతుంది. వరి పోయి మెట్ట వస్తుంది, ఎర్రమన్ను, పామాయిల్ తోటలు. అక్కడి నుంచి కొట్లు తక్కువ. మంచినీళ్లు మనిషికి రెండు లీటర్లు ముందే బండిలో ఉండాలి. భోజనానికి పులిహోర పట్టుకెళ్లాం. పెరుగన్నం తీసుకెళ్లేవాళ్లు అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా మాత్రమే కలపండి. ఇంట్లో తినేటట్టు కలిపితే డిక్కీ వేడికి పన్నెండింటికల్లా పులిసిపోతుంది.

తొమ్మిదింటికి గుంటుపల్లి మెట్ల దగ్గరున్నాం. ఇది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న స్థలం. టికెట్ తలకి 25 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకి లేదు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్ పే మీద ఆశ పెట్టుకోకుండా చిల్లర పట్టుకెళ్లండి. స్టాండు పెట్టి ఫోటోలు తియ్యాలంటే ముందుగా శాఖ అనుమతి కావాలి.

దీన్ని ‘ఆంధ్రా అజంతా’ అంటారు. ఆ పేరు నమ్మి వస్తే నిరాశే. అజంతాలో ఉన్న రంగుల బొమ్మలు ఇక్కడ లేవు, ఇక్కడ చూడాల్సింది రాతిలో చేసిన వడ్రంగం. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో మొదలైన బౌద్ధ స్థలం ఇది. గుండ్రంగా తొలిచిన చైత్య గుహలోకి, అంటే బౌద్ధుల ప్రార్థన గదిలోకి, వెళ్లి తల పైకెత్తండి. కప్పు లోపలంతా వాసాలు చెక్కి ఉంటాయి, నడి నెత్తి నుంచి గొడుగు పుల్లల్లా కిందికి దిగుతూ. కొండను తొలిచిన గదికి వాసాలతో పని లేదు, అవి ఏ బరువూ మొయ్యవు. అప్పటిదాకా కర్రతో, గడ్డితో కట్టిన గుండ్రటి ఇళ్ల రూపాన్నే రాతిలోకి ఎక్కించారు. మన కోస్తాలో చుట్టిల్లు లోపల పడుకుని కప్పు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బీహారులోని బరాబర్ కొండల గుహలతో దీన్ని పోలుస్తారు, గుమ్మం మీది కమానులో కూడా కర్రపని పోలికే.

గది మధ్యలో ఉన్నది స్తూపం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి అది ధర్మలింగేశ్వరుడు. శివరాత్రికి ఇక్కడ పెద్ద తిరునాళ్ల జరుగుతుంది, ఆ వారం మాత్రం చూడ్డానికి రాకండి, మెట్ల మీద నిలబడే చోటుండదు. మామూలు రోజున స్తూపం చుట్టూ ఉన్న సన్నటి దారిలో ఒక ప్రదక్షిణ చెయ్యొచ్చు. లోపల చీకటి, గబ్బిలాల వాసన. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్తే బెదరరు.

చేతి టార్చి తప్పనిసరి, దాన్ని వాడే పద్ధతి ఒకటుంది. రాతి మీదికి ఎదురుగా వెలుగు కొడితే ఏమీ కనపడదు, అంతా తెల్లబోతుంది. గోడకి ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోండి. ఉలి గాట్లు, అరిగిన గీతలు నీడలతో లేచి కనపడతాయి. ఫోన్ ఫ్లాష్ చేసే అపకారం కూడా ఇదే, దాన్ని ఆపెయ్యండి. ఇది ఇసుకరాయి. తొలచడానికి మెత్తగా ఉంటుంది, అందుకే ఇన్ని గదులు తీయగలిగారు. ఆ మెత్తదనం వల్లే గాలికీ వానకీ అరుగుతుంది, విహారాల (భిక్షువులు ఉండే గదుల) గుమ్మాల మీది కమానులు కొన్ని ఇప్పుడు గుర్తుపట్టేలా కూడా లేవు. చేత్తో రాస్తే ఇసుక రాలుతుంది, రాయొద్దు. వానాకాలంలో ఈ రాతి మీద పాచి పడుతుంది, అరిగిన రబ్బరు చెప్పులతో దిగడం కన్నా వట్టి కాళ్లతో దిగడం నయం. బూటు అడుగు గరుకుగా ఉంటే ఇంకా మంచిది.

చాలామంది చైత్యం, విహారాలు చూసి వెనక్కి తిరుగుతారు. పైకి ఎక్కాలి. ఇటుకతో కట్టిన చైత్యం తాలూకు శిథిలం, స్తంభాల మండపం, ఒకే అరుగు మీద పదుల సంఖ్యలో చిన్న స్తూపాలు ఉన్నది పైనే. మండపం గురించి బ్రాహ్మీ శాసనం చెబుతుంది: మహామేఘవాహన వంశానికి చెందిన సిరి సద అనే రాజు దగ్గర లేఖకుడు దాన్ని దానం చేశాడట. రాజు కాదు, రాతకోతలు చూసుకునే ఉద్యోగి. నాకు ఈ కొండ మీద అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే. అంతా చూడ్డానికి రెండు గంటల పైనే కావాలి. 11 దాటాక రాయి వేడెక్కుతుంది, అప్పుడు పైన ఉండకూడదు. మేం కింద చెట్ల నీడకి వచ్చి అక్కడే భోంచేసి 11.30కి కదిలాం. విస్తరాకులు, సీసాలు అన్నీ సంచిలో వేసుకుని తెచ్చుకోవాలి.

ఏలూరు దాకా 40 కిలోమీటర్ల పైన, అక్కడి నుంచి విజయవాడ 60. కలపర్రులో ఒకటి, పొట్టిపాడులో ఒకటి, దారిలో రెండు టోల్‌గేట్లు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయా అని ఏలూరులోనే అడగండి, లేకపోతే ఎక్కువ కట్టిస్తారు. ప్రకాశం బ్యారేజీ దాటి కుడికి తిరిగితే ఉండవల్లి, మాకు రెండు దాటింది. శుక్ర, ఆదివారాల్లో దుర్గ గుడి రద్దీ బ్యారేజీ మొదట్లోనే పట్టుకుంటుంది. బుధవారం పెట్టుకున్నది అందుకే.

ఉండవల్లిలో కూడా టికెట్ 25. ఎదురుగా నిలబడితే కొండ ముఖంలో నాలుగు అంతస్తులు. విష్ణుకుండిన రాజుల కాలపు పని అంటారు. అందరూ నేరుగా మూడో అంతస్తుకి, అయిదు మీటర్లకి పైగా పొడవున శేషుడి మీద పడుకున్న అనంతపద్మనాభుడి దగ్గరికి పరుగెడతారు. చూడాల్సిందే. ఎండలోంచి లోపలికి వెళ్లగానే ఏమీ కనపడక బయటికి వచ్చేస్తారు చాలామంది, రెండు నిమిషాలు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి, తల దగ్గర నుంచి పాదాల దాకా విగ్రహం తేలుతుంది. కానీ నేనైతే ఎక్కువసేపు కింది అంతస్తులోనే నిలబడతాను. అది పూర్తి కాని పని. స్తంభాలు ఎక్కడిదాకా చెక్కారో, గోడ లోపలికి ఎంత తొలిచి ఆపేశారో అక్కడ తెలుస్తుంది. పూర్తయిన గది చూస్తే దేవుడు కనపడతాడు, సగంలో ఆగిన గది చూస్తే కూలివాడు కనపడతాడు.

మెట్లు ఎత్తు ఒకేలా ఉండవు, ఎక్కడం కన్నా దిగడం కష్టం. మోకాళ్ల నొప్పులవాళ్లని రెండో అంతస్తు దగ్గర ఆపడం మేలు. కోతుల మందలుంటాయి. ప్లాస్టిక్ సంచి చప్పుడైతే చాలు, అందులో ఏముందో వాటికి అక్కర్లేదు. చేతిలో ఏమీ పట్టుకోకుండా ఎక్కండి.

మూడున్నరకి ముందే అక్కడి నుంచి బయటపడాలి. మేం 3.05కి బయల్దేరి భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి చేరి, ఘాట్ ఎక్కేసరికి 4 అయింది. పురాతనం అనే మాట ఈ కోటకి పూర్తిగా అతకదు. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టించింది, గుంటుపల్లి గుహలు అప్పటికే పదిహేను వందల ఏళ్ల పాతవి. తర్వాత కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు, 1766లో ఇంగ్లీషువాళ్లు. గజశాల, తానీషా మహలు అని రాసిన చోట్లు త్వరగానే తిరిగెయ్యొచ్చు, సున్నపు గార ఊడినచోట గోడలో రాళ్లు ఎలా పేర్చారో చూడండి. ఉన్న కాస్త సమయం గోడ అంచున గడపండి. ఒకవైపు కొండలు, ఇంకోవైపు థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు, కృష్ణ వైపు మైదానం. ఈ కొండ పట్టుకున్నవాడికి కింది దారులన్నీ చేతిలో ఉన్నట్టే. అయిదింటికి ఈల వేసి అందర్నీ పంపించేశారు. నాలుగున్నర తర్వాత చేరేటట్టుంటే ఘాట్ ఎక్కడం దండగ.

కింద ఊళ్లో బొమ్మల ఇళ్ల దగ్గర అరగంట. తెల్లపొణికి కర్ర చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. చేతులు, కాళ్లు అతికేది చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో. కొన్నవాటిని డిక్కీలో వెయ్యకుండా ఒళ్లో పెట్టుకోండి, అతుకు దగ్గరే విరుగుతాయి.

తిరుగు దారి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి. ఏలూరు మీదుగా కన్నా టోల్ తక్కువే కానీ రాత్రి పూట తేలిక రోడ్డు కాదు. కైకలూరు దాటాక చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, రోడ్డు జారుతుంది. కోతల రోజులు కాబట్టి సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, దాని చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. పొద్దున్న అవి తీసేవాళ్లుంటారు, రాత్రి వాటికి దీపం ఉండదు. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకుండా డ్రైవరుతో మాట్లాడుతూ రోడ్డు ఎడమ అంచు చూస్తూ ఉండాలి. 9.20కి ఇల్లు చేరాం. మీటరు 358 కిలోమీటర్లు. 16 చొప్పున 5,728, బత్తాతో కలిపి 6,228, టోల్ విడిగా.