రెసిస్టర్ల లెక్క తెలుగులో చెప్పిస్తే

పిల్లలు పెద్ద తరగతులకు వచ్చేసరికి, బయటి దేశాల్లో ఉన్న మన ఇళ్లల్లో తెలుగు "తిన్నావా, లేచావా, బయల్దేరు" దగ్గరే ఆగిపోతోంది. హోంవర్క్ మాట వస్తే చాలు ఇంగ్లీషులోకి వెళ్లిపోతాం, లేదంటే "మేం చదివింది వేరు, మీ పద్ధతులు వేరు" అని పక్కకు తప్పుకుంటాం. సర్క్యూట్ల పాఠం వచ్చినప్పుడు మాత్రం దయచేసి తప్పుకోకండి. శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రచురించిన నియమం (వోల్టేజ్‌ని నిరోధంతో, అంటే దారిలోని అడ్డుతో, భాగిస్తే కరెంట్ వస్తుంది), కిర్కాఫ్ 1845లో చెప్పిన రెండు నియమాలు (చీలిక దగ్గరికి వచ్చిన కరెంటంతా బయటికి పోవాలి, చుట్టూ తిరిగొస్తే వోల్టుల లెక్క సరిపోవాలి) ఏ దేశపు సిలబస్‌లోనైనా అవే. (అప్పటికి కిర్కాఫ్ 21 ఏళ్ల విద్యార్థి, ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి.) తేడా ఉంటే బొమ్మలో ఉంటుంది: మనం రెసిస్టర్‌ని, అంటే కరెంట్‌కి అడ్డుపడే భాగాన్ని, వంకరటింకర గీతగా గీసేవాళ్లం, చాలా దేశాల్లో ఇప్పుడు చిన్న దీర్ఘచతురస్రం గీస్తారు.

మా అమ్మాయికి వచ్చిన లెక్క లాంటిదే ఒకటి తీసుకుంటాను. 18 వోల్టుల బ్యాటరీ, దాని తర్వాత 2 ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి దారి రెండుగా చీలి ఒక వైపు 6 ఓమ్‌లు, ఇంకో వైపు 12 ఓమ్‌లు, ఆ రెండూ కలిసి మళ్లీ బ్యాటరీకి. దేనిలో ఎంత కరెంట్? పిల్లలు వెంటనే చేసే పని 18ని 2తోనూ, 6తోనూ, 12తోనూ భాగించేయడం. సూత్రం కరెక్టే, కానీ ఆ 18 వోల్టులూ ఏ ఒక్క రెసిస్టర్ మీదా పూర్తిగా పడటం లేదు కదా.

అందుకే మా ఇంట్లో నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. కాలిక్యులేటర్ ముట్టుకోకముందు కరెంట్ ఎటు పోయిందో తెలుగులో చెప్పాలి. సిరీస్, పారలల్, వోల్టేజ్ అనే మాటలు బళ్లో నేర్చుకున్నట్టే ఉండనివ్వండి, వాక్యం మాత్రం తెలుగులో నడవాలి. "బ్యాటరీ నుంచి వచ్చిందంతా 2 ఓమ్‌ల గుండానే పోవాలి నాన్నా, వేరే దారి లేదుగా" అంది మా అమ్మాయి. సిరీస్ అంటే అదే! "తర్వాత కొంత ఇటు, కొంత అటు." ఎటు ఎక్కువ పోతుంది తల్లీ అంటే, "అడ్డు తక్కువున్న వైపు." అంకె ఒక్కటి కూడా రాయకుండానే సగం లెక్క అయిపోయింది.

ఇక అంకెలు. 6, 12 పారలల్‌లో, అంటే చీలిన రెండు దారుల్లో, ఉన్నాయి కాబట్టి 1/6, 1/12 కలిపితే 3/12, దాన్ని తిరగేస్తే 4 ఓమ్‌లు. ఈ తిరగేయడం దగ్గరే చాలామంది పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు, కాబట్టి ఒక గుర్తు చెప్పండి: జవాబు ఆ రెండిట్లో చిన్నదాని కంటే కూడా తక్కువ రావాలి, ఎందుకంటే హాలుకు ఇంకో తలుపు తెరిస్తే, అది ఎంత ఇరుకుదైనా, జనం బయటపడటం తేలికే అవుతుంది. ఇప్పుడు మొత్తం 2 + 4 = 6 ఓమ్‌లు, 18/6 = 3 ఆంపియర్లు. ఆ మూడూ 2 ఓమ్‌ల గుండా పోయేటప్పుడు 6 వోల్టులు అక్కడే ఖర్చయి, కొమ్మల మీద 12 వోల్టులు మిగులుతాయి. 6 ఓమ్‌ల కొమ్మలో 2 ఆంపియర్లు, 12 ఓమ్‌ల కొమ్మలో 1. రెండూ కలిపితే మళ్లీ 3. ఖర్చయ్యేది వోల్టేజే, కరెంట్ దారిలో ఎక్కడా తరిగిపోదు. ఈ ఒక్క విషయం పిల్లల నోటితో, వాళ్ల సొంత మాటల్లో చెప్పించండి, చాలా తప్పులు వాటంతటవే పోతాయి.

తను ఇదంతా వీడియో కాల్‌లో అమ్మమ్మకి బొమ్మ చూపించి చెప్పింది. ఆవిడ ఫిజిక్స్ చదవలేదు, కానీ మొత్తం విని, "మరి ఆ రెండు దారుల్లో ఒకటి తెగిపోతే రెండో దాని సంగతేంటే?" అని అడిగారు. ఎంత మంచి ప్రశ్నో చూడండి! మా అమ్మాయి తడుముకోకుండా "దానికేం కాదు అమ్మమ్మా, 2 ఆంపియర్లే ఉంటుంది" అనేసి, తర్వాత అనుమానం వచ్చి కాగితం తీసింది. 12 ఓమ్‌ల కొమ్మ తీసేస్తే మొత్తం 2 + 6 = 8 ఓమ్‌లు, కరెంట్ 18/8 = 2.25 ఆంపియర్లు. అంటే బ్యాటరీ నుంచి వచ్చే కరెంట్ 3 నుంచి 2.25కి తగ్గింది, కానీ 6 ఓమ్‌ల రెసిస్టర్‌లో 2 నుంచి 2.25కి పెరిగింది! కారణం ముందున్న ఆ 2 ఓమ్‌లు. కరెంట్ తగ్గడంతో దాని మీద 4.5 వోల్టులే పడ్డాయి, ఇవతలికి 13.5 మిగిలాయి. ఆ 2 ఓమ్‌లు లేకుండా కొమ్మలు నేరుగా బ్యాటరీకే తగిలించి ఉంటే (బ్యాటరీ లోపలి నిరోధాన్ని వదిలేస్తే) 12 ఓమ్‌లది ఉన్నా లేకపోయినా 6 ఓమ్‌ల దానిలో 3 ఆంపియర్లే. ఇదంతా అమ్మమ్మకి తెలుగులో చెప్పడానికి తను పడిన తంటా నాకు ఎంత ముచ్చటగా అనిపించిందో. "పెరిగింది, కానీ మొత్తం మీద తగ్గింది, ఎందుకంటే..." అంటూ కారణాలు కలుపుకుంటూ పోవడం, అలాంటి పొడుగు వాక్యాలు మా ఇంట్లో ఇంకెప్పుడు వస్తాయి చెప్పండి?

బొమ్మ గజిబిజిగా ఉన్నప్పుడు ఇంకోటి అడగండి: ఏ రెండిటికి రెండు చివర్లూ ఒకే చోట కలుస్తున్నాయి? అవి పారలల్. పక్కపక్కన గీసినంత మాత్రాన పారలల్ అయిపోవు. జవాబు సరిచూసుకోవడానికి వాట్లు (వోల్టులు × ఆంపియర్లు) లెక్కేయమనండి. మొదటి లెక్కలో బ్యాటరీ ఇచ్చేది 18 × 3 = 54, రెసిస్టర్లు తీసుకునేది 18, 24, 12, కలిపితే అదే 54.

రెండు కొమ్మల మధ్య అడ్డంగా ఇంకో రెసిస్టర్ పెట్టిన బ్రిడ్జ్ సర్క్యూట్ వస్తే మాత్రం, ఇలా సిరీస్, పారలల్‌గా మడుస్తూ పోవడం మామూలుగా కుదరదు, కిర్కాఫ్ సమీకరణాలు రాసుకోవాల్సిందే. మేం ఇప్పుడు అక్కడే ఉన్నాం.