యూకాన్ నది దాటడానికి ఏ బండి కొనాలి? నా అనుభవం

కెనడాలోని డాసన్ సిటీకి ఎదురుగా, యూకాన్ నది అవతలి ఒడ్డున ఉంటాం. ఊరికీ మాకూ మధ్య వంతెన లేదు. ఎండాకాలమంతా 'జార్జ్ బ్లాక్' అనే ఫెర్రీ కార్లతో సహా దాటిస్తుంది. అక్టోబరు వచ్చిందంటే దాన్ని ఆపేస్తారు. అక్కణ్ణుంచి నది గడ్డకట్టేదాకా ఇంట్లో ఉన్న సరుకులతోనే గడుపుకోవాలి. గడ్డకట్టాక ఆ ఐసు మీదే దారి. మాకు కరెంటు లైను లేదు, కుళాయీ లేదు. మంచినీళ్లు, గ్యాస్ సిలిండర్లు, పెట్రోలు, కుక్క తిండి అన్నీ ఊళ్లోంచి తెచ్చుకోవాల్సిందే. పైగా కేబిన్ రోడ్డుకి దూరంగా గుట్ట మీద ఉంది. చలికాలంలో అక్కడికి చక్రాల బండి ఎక్కదు, చక్రాల బదులు ట్యాంకుకి ఉన్నట్టు తిరిగే రబ్బరు పట్టా (ట్రాక్) మీద నడిచేదే కావాలి.

మొదట్లో మా మనసంతా తలుపులు, హీటరు ఉన్న బండి మీదే. తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "మైనస్ నలభైలో స్కూటర్ మీద కూర్చున్నట్టు కూర్చుంటారా అమ్మా? నాలుగు వైపులా మూసి ఉన్నది చూడండి" అనేవారు. మా ఆయనకేమో పాత బొంబార్డియర్ బీ-12 మీద మోజు. ముందు స్కీలు (మంచు మీద జారే పలకలు), వెనక ట్రాకులు, గుండ్రటి కిటికీలు, లోపల పన్నెండు మంది పట్టే చోటు. 1940ల నాటి ఈ బండ్లతో విన్నిపెగ్ సరస్సు మీద జాలర్లు ఈ మధ్యకాలంలో కూడా పని చేయించుకున్నారు. క్యుబెక్‌లో దాన్ని తయారుచేసిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1934లో తన రెండేళ్ల కొడుకుని పోగొట్టుకున్నాడు. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయాడు. ఆ కథ విన్నాక నాకూ ఆ బండి మీద గౌరవం పెరిగింది. కానీ గౌరవంతో స్పేర్ పార్టులు దొరకవు కదా.

స్వీడన్‌లో తయారైన హెగ్లుండ్స్ బీవీ-206 కూడా చూశాం. రెండు పెట్టెలు కలిపినట్టుండే ఈ బండికి నాలుగు ట్రాకులు, పదిహేడు మంది ఎక్కొచ్చు, నీళ్లలో కూడా తేలుతుంది. ఖాళీ బండే నాలుగు టన్నుల పైన. మా వెతుకులాట అక్కడే మలుపు తిరిగింది. కెనడా రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం ఒక మనిషి నడవాలంటే 15 సెంటీమీటర్ల ఐసు ఉండాలి, స్నోమొబైల్‌కి (మంచు మీద నడిచే స్కూటర్ లాంటి బండికి) 25 ఉండాలి. ఆ లెక్క కూడా తేటగా, నీలంగా ఉన్న ఐసుకే. కింద నీళ్లు పారే నదిలో మందం అంతటా ఒకేలా ఉండదు. 2016-17, 2017-18 చలికాలాల్లో అయితే ఎప్పుడూ దాటే చోట ఈ నది పూర్తిగా గడ్డకట్టనే లేదు. అలాంటి నది మీద టన్నుల బరువున్న బండిని మోసేంత ఐసు కోసం ఎదురుచూడటమంటే జనవరి దాకా ఇంట్లో కూర్చోవడమే. హీటరు ఆశ వదిలేసుకున్నాం.

తేలికపాటి స్నోమొబైల్ అని తేలాక అసలు టెన్షన్ మొదలైంది. స్కీ-డూ బ్రాండులో టండ్రా అనే రకం సన్నగా తేలిగ్గా ఉంటుంది, ఇరుక్కుంటే ఇద్దరం ఎత్తి పక్కకి పెట్టుకోవచ్చు. అదే బ్రాండు స్కాండిక్‌లో ట్రాక్ వెడల్పు ఒక రకంలో 20 అంగుళాలు, ఇంకో రకంలో 24. బరువు మూడు వందల కిలోల చుట్టూ ఉంటుంది, కానీ పొడి మంచులో కూరుకుపోకుండా వెనక తగిలించిన స్లెడ్డుని (సామాను వేసే జారుడు బండిని) లాగుతుంది. లో గేరు, రివర్స్ రెండూ ఉంటాయి. నీళ్ల క్యాన్లతో గుట్ట ఎక్కేవాళ్లకి లో గేరు లేకపోతే ఇంజను నుంచి ట్రాక్‌ని తిప్పే బెల్టు కాలిపోవడం ఖాయం.

పక్క కేబిన్‌లో ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా ఉచ్చులు పెట్టి జంతువుల్ని పట్టే పని చేస్తున్నాడు. నేను ఆయన్ని మైలేజీ గురించి అడిగితే ఆయన "ఓవర్‌ఫ్లోలో పడితే ఎలా బయటికి లాగుతావ్?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఓవర్‌ఫ్లో అంటే ఐసు పైకి ఉబికి, మంచు పొర కింద దాక్కున్న నీళ్లు. అందులో దిగిన బండి పాకంలో పడ్డ ఈగే. వెంటనే లాగకపోతే ఆ బురదమంచు ట్రాక్‌లోనే గడ్డకట్టేస్తుంది. ఆ ప్రశ్నతో 24 అంగుళాల రకం మా జాబితాలోంచి పోయింది, అంత పెద్ద ట్రాక్ మా ఇద్దరి బలానికి మించింది.

ఇంజను విషయంలో ఫోర్‌స్ట్రోక్‌కి పెట్రోలు ఖర్చు తక్కువ, పొగ తక్కువ. అయినా బరువు తక్కువని టూస్ట్రోక్‌కే ఓటేశాను. మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. బ్యాటరీ చచ్చిపోయినప్పుడు తాడు లాగి స్టార్ట్ చేసే ఏర్పాటు ఉందా అన్నది మాత్రం ఇద్దరం పట్టుబట్టి చూశాం.

చివరికి 20 అంగుళాల స్కాండిక్ ఒకటి వైట్‌హార్స్‌లో సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. డాసన్ నుంచి అయిదు వందల కిలోమీటర్ల పైనే. కొనేముందు ట్రాక్ తిప్పి రబ్బరు పళ్లు విరిగాయేమో చూశాం, స్కీల కింద అరుగుదల చూశాం, ఇంజను చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించాం. స్లెడ్డు మాత్రం కొత్తదే తీసుకున్నాం, తాడుతో కాదు, ఇనుప కడ్డీతో తగిలించేది. తాడైతే గుట్ట దిగేటప్పుడు సామానంతా వచ్చి వెనక నుంచి గుద్దుతుంది. సీటు కింద స్పేర్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, చిన్న పార ఎప్పుడూ ఉంటాయి. నాన్నకి ఫోటో పంపితే "తలుపులేవీ?" అని అడిగారు.